రేకు చిరగాలి

గురువారం రాత్రి, నరసరావుపేట

రెండు కారు రేకుల్ని కలుపుతూ నేను వేసిన స్పాట్ వెల్డులు, అంటే చుక్కల్లాంటి అతుకులు, ఇవాళ ల్యాబ్‌లో ఎన్నడూ లేనంత లోడ్ తట్టుకుని విరిగాయి. ఎంత గట్టివో అంటూ పొంగిపోయాను. మా గైడ్ మేడం మాత్రం విరిగిన ముక్కను వేళ్లతో తడిమి, "అతుకే ఊడింది చూడు. రేకు చిరగాలమ్మా. బండి గుద్దుకున్నప్పుడు అది నిదానంగా చిరిగితే దెబ్బని అదే తీసుకుంటది. అతుకు ఉన్నట్టుండి ఊడితే మనిషికే తగులుద్ది" అన్నారు. తన పేరు కూడా ఉన్న రీసెర్చ్ పేపర్ని, రేపు జర్నల్‌కి పంపాల్సినదాన్ని, టీ వద్దన్నంత తేలిగ్గా ఆపేశారు. ఆ నిబ్బరం నాకెప్పుడొస్తుందో.

ఇంటికొచ్చాక అమ్మనడిగాను, మిరపకోతకి తను వెళ్లే ఆటో వెనక కూలీల కోసం వెల్డింగ్ చేయించిన బల్ల ఎలా ఉందని.

"చానా గట్టిదే. ఎంతమందిమి కూర్చున్నా ఊగదు" అంది.

పొద్దున నా అతుకుల గురించి నేనూ అదే అన్నాను.