ముప్పై ఏడు జేబుల గుడ్డ

మా అమ్మాయికి మీ అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు. అందరం అంటే ఇప్పుడు నేనొక్కదాన్నే కాబట్టి, నేను క్షేమం. అక్కడ నువ్వు వేళకి తింటూ, చలిగాలి తగలకుండా కిటికీ వేసుకుని పడుకుంటున్నావని తలుస్తాను. తలుస్తాను అన్నానే గానీ నమ్మకం లేదు. కిటికీ తెరుచుకునే పడుకుంటావు నువ్వు. చిన్నప్పటినుంచీ అంతే.

నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. ఆలస్యమైందని కోప్పడకు. ఐదో తరగతి చదువుతో ఎంత రాస్తాను. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు చింపాను. కాగితాలు పాడవుతున్నాయని ఒక దిగులు, రాయకపోతే నాకేమైందోనని నువ్వు పడే దిగులు తలుచుకుని ఇంకో దిగులు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలు అలాగే ఉంది. మెట్లు దిగేటప్పుడు నాకంటే ముందు అదే మాట్లాడుతోంది. కంట్లో మందు రెండు పూటలా వేసుకుంటున్నాను. ఒక పూట మరిచిపోతే రెండో పూట రెండు చుక్కలు ఎక్కువ వేస్తున్నాను. వంటగది కప్పు కారడం ఆగింది, వానలు ఆగాయి కాబట్టి. కాజాలు కుట్టడం మానేశావా అని అడిగావు. మానేశాను అని రాద్దామనుకున్నాను. మానలేదు. వారానికి ఒక మూట చొక్కాలు ఇంటికి తెచ్చుకుంటున్నాను. ఈ ఉత్తరంలో అబద్ధం రాయకూడదని పెట్టుకున్నాను, అందుకని చెప్తున్నాను.

బడిలో పిల్లలు నీ చుట్టూ మూగుతున్నారని రాశావు. చాలా సంతోషం. సుద్దముక్క పొడి గొంతులోకి పోకుండా చూసుకో. ఫోన్ మోగితే గుండె ఝల్లుమంటోంది, అందుకే అసలు ఫోనే పెట్టుకోలేదు, ఉత్తరాలే రాయి అన్నావు. రాస్తాను తల్లీ. ఫోన్ల కంపెనీలాంటిది పెట్టినదానివి ఫోన్ లేకుండా బతుకుతున్నావంటే నీకెంత దెబ్బ తగిలిందో నాకు తెలియదా.

ఇక నీ ఉత్తరం చివర రాసిన మాట. లాయరు పంపిన విడాకుల కాగితాల మీద అల్లుడు సంతకం పెట్టేశాడనీ, నువ్వు నెలాఖరులోగా పెట్టి పంపాలనీ, నేనేమంటానో చెప్పమనీ రాశావు. దాని కింద ఇంకో వాక్యం ఉంది. "నాకు తెలిసినవాళ్ళలో నాకు అబద్ధం చెప్పని మనిషివి నువ్వొక్కదానివే అమ్మా." ఆ వాక్యం దగ్గరే నాలుగుసార్లూ ఆగిపోయాను.

నీ కథ నీకు నేను చెప్పడమేమిటని విసుక్కోకు. నేను నిలబడ్డ వైపునుంచి కూడా ఒకసారి విను.

కుట్టుపని హాల్లో కత్తిరింపు బల్ల కింద పెరిగావు నువ్వు. కూలి ఇచ్చే శనివారం నాడు ఎవరు ఎన్ని ముక్కలు కుట్టారో, ఎవరికెంత రావాలో మేస్త్రి కంటే ముందు నువ్వే చెప్పేసేదానివి. ఆయన తగ్గించి చెప్తే బల్ల కిందనుంచే తప్పు అనేదానివి. "అమ్మా, ఈ లెక్కల పిట్టని బడికి పంపించు, నా కొలువు తీయించేట్టుంది," అని ఆయనే నీకు పలక కొనిచ్చాడు. అక్కడినుంచి పెద్ద చదువు, బ్యాంకులో ఉద్యోగం. అక్కడే నీకు ఆ అబ్బాయి పరిచయం, పెళ్ళి. ఇక నిశ్చింత అనుకుని నేనొక వారం హాయిగా నిద్రపోయాను. ఎనిమిదో రోజు ఇద్దరూ వచ్చి ఉద్యోగాలు మానేశాం అన్నారు.

"మీ హాల్లో బట్ట కత్తిరించే కత్తెరక్క లాంటివాళ్ళకి ఏ బ్యాంకూ అప్పివ్వదమ్మా. కాగితాలు అడుగుతుంది. మేం కాగితాలు అడగం. వారం వారం కొంచెం దాచుకుంటే చాలు, దాన్ని చూసి అప్పిస్తాం. అంతా ఫోన్లోనే," అన్నావు.

"వాళ్ళు కట్టకపోతే?" అన్నాను.

"కడతారు. బల్ల కింద కూర్చుని పదేళ్ళు చూశాను. మాట తప్పే మనుషులు కారు," అన్నావు.

మా హాలు పైగదే మీ మొదటి ఆఫీసు. రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు, కిందినుంచి మిషన్ల చప్పుడు. చదువు లేనివాళ్ళకి కూడా అర్థమవ్వాలని అంతా బొమ్మలతో తయారుచేశావు. నా చేత నొక్కించి, నేను తడబడినచోటల్లా మళ్ళీ మార్చావు. చివరికి నాకు బాగా అర్థమైంది తల్లీ. చిక్కంతా అక్కడే వచ్చింది.

మనిషికొక నంబరు ఉండాలన్నావు. కింద ముప్పై ఏడుగురం ఉన్నాం. మాలో సొంత ఫోన్ ఉన్నవాళ్ళు నలుగురు. మిగతావాళ్ళ ఇళ్ళలో ఫోన్ మగవాళ్ళ జేబుల్లో ఉండేది. మొదటివారం నీకు నీళ్ళిద్దామని పైకి వచ్చాను. కంప్యూటరు మీద నాలుగు అంకె చూస్తూ కూర్చున్నావు. పరీక్ష తప్పినప్పుడు కూడా నీ మొహం అలా లేదు. నీళ్ళు అక్కడ పెట్టి దిగి వచ్చేశాను.

మర్నాడు అందర్నీ వెంటబెట్టుకుని వెళ్ళి ఎవరి పేరున వాళ్ళకి సిమ్ములు కొనిపించాను. అమ్మే ఆవిడ, "ఏం పిన్నిగారూ, ఇంత పటాలాన్ని తీసుకొచ్చారు, యుద్ధానికా?" అంది. ఫోన్ లేని సిమ్ములన్నీ నేనే ఉంచుకున్నాను. పోతాయేమోనని భయం. ఒక గుడ్డకి ముప్పై ఏడు చిన్న జేబులు కుట్టి, ఏ జేబు ఎవరిదో తెలిసేలా ఒక్కోదాని మీద ఒక్కో గుర్తు పెట్టాను. కత్తెరక్కకి కత్తెర, పొడుగుపిల్లకి నిచ్చెన, మాటలపోగుకి చిలక. ఫోన్ ఉన్న నలుగురు కూడా, "మాకెందుకక్కా ఈ తంటా, నువ్వే నొక్కు," అని వాళ్ళ కొత్త సిమ్ములు తెచ్చి నాకే పడేశారు. శనివారం వాళ్ళు డబ్బు నా చేతిలో పెట్టేవాళ్ళు. నేను మీ తరఫున డబ్బు తీసుకునే మూల కొట్లో కట్టి, ఒక్కో సిమ్మూ ఫోన్లో పెట్టి, నువ్వు నేర్పినట్టే బొమ్మలు నొక్కి, తీసి మళ్ళీ దాని జేబులో పెట్టేదాన్ని. ఆ ఫోన్ అల్లుడు కొత్తది కొనుక్కుని నాకిచ్చిన పాతది. నీకది గుర్తుండదు. ఆ రోజుల్లో నీకు తిండే గుర్తుండేది కాదు.

పైన నీ అంకె ముప్పై ఏడైంది. మెట్లమీద పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను ఎత్తి తిప్పావు. అప్పుడైనా చెప్పాల్సింది.

ఇంతే అయితే నాకింత బాధ లేదు. కత్తెరక్క మొగుడి కాలు విరిగింది. రెండు వారాలు ఆమె కట్టలేనంది. పైన నీ లెక్కలో ఎర్ర గీత పడుతుందని నాకు గుబులు పుట్టి, ఈ ఒక్కసారికే అనుకుని నేను కట్టాను. తర్వాత పొడుగుపిల్ల తప్పింది, తర్వాత ఇంకొకరు. అప్పు తీసుకున్నవాళ్ళ వాయిదాలు కూడా. ఎక్కువ కాజాలు తెచ్చుకుని కుట్టాను. కొందరు తర్వాత నాకు తిరిగిచ్చారు, కొందరు ఇవ్వలేదు. మాటలపోగు అయితే నవ్వుతూనే, "నువ్వున్నావుగా అక్కా, నాకెందుకు బెంగ," అంది. దాని మీద నాకు కోపం లేదు. తప్పితే ఏమవుతుందో దానికి తెలియనివ్వనిది నేనే.

నిజం నేనే అల్లుడి దగ్గరా దాచాను, నీ దగ్గరా దాచాను. రెండేళ్ళు ఒక్క గీత పడనివ్వలేదు.

ఆ పెద్ద హాలు గుర్తుందా. చల్లగా ఉందని నీ కోటు నా భుజాల మీద కప్పావు. డబ్బు పెట్టే పెద్దలంతా ముందు వరసలో కూర్చున్నారు. గోడమీద అంత పొడుగున అక్షరాలు వెలిగాయి. ముప్పై ఏడుగురు, నూటనాలుగు వారాలు, ఒక్కరూ ఒక్కసారీ తప్పలేదు. "మా అమ్మ పనిచేసే చోట మొదలుపెట్టాను," అని నన్ను చూపించావు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరికోసమో తెలియక నేను కూడా లేచి నిలబడ్డాను. తెలిశాక గబుక్కున కూర్చుండిపోయాను. ఇంటికొచ్చాక, ఆ ముప్పై ఏడుగురి లెక్కలు చూసే మీ కంప్యూటరు మిషన్ నేర్చుకుంటుందనీ, పిల్లలు పెద్దవాళ్ళని చూసి నేర్చుకున్నట్టే ఇక ఏ ఊళ్ళో ఎవరికెంత ఇవ్వచ్చో అదే చెప్తుందనీ నాకు వివరించావు. నీ కళ్ళు వెలుగుతున్నాయి. మిషన్‌కి తప్పు నేర్పానని నాకు ఆ క్షణమే తెలిసింది. అన్నం పెట్టనా అని అడిగాను.

తర్వాతి సంగతులు నీకు తెలిసినవే. మూడంతస్తుల అద్దాల ఆఫీసు, పేపర్లో ఫొటో, పాతిక ఊళ్ళు. ఆ ఊళ్ళలో కాజాలు కుట్టి కట్టే పిచ్చి ముసలిది లేదు కదా. మిషన్ ఎక్కువ ఇచ్చింది, వాళ్ళు తీర్చలేకపోయారు. వసూలుకి వచ్చేవాళ్ళ బాధ పడలేక ఎవరో ఇంటికి తాళం పెట్టి వెళ్ళిపోయారని విని నువ్వు రెండు రోజులు తినలేదు. అప్పుడు డబ్బు పెట్టినవాళ్ళు మొదటినుంచీ తవ్వించారు. మొదటి ముప్పై ఏడు ఖాతాలూ ఒకే ఫోన్లో నడిచాయనీ, ఆ ఫోన్ అల్లుడి పేరున కొన్నదనీ తేలింది. నీ కంపెనీలోనుంచి నిన్నే వెళ్ళిపొమ్మన్నారు.

ఆ రోజు మన ముందుగదిలో నువ్వతన్ని అడిగావు.

"ఆ ఫోన్ నీదేనా?"

"నాదే."

"ఆ ముప్పై ఏడుగురి పేరున కట్టింది ఎవరు?"

అతను నావైపు చూశాడు. నేను వంటగది గుమ్మంలో ఉన్నాను. ఒక్క చూపులో అతనికంతా అర్థమైపోయింది. ఆ నిమిషం వరకూ అతనికీ తెలియదు తల్లీ, ఒట్టు.

"నేనే," అన్నాడు.

"ఎందుకు?"

"నువ్వు గెలవాలని."

నువ్వు అరవలేదు. అరిచినా బాగుండేది. "నా నోటితో అంతమందికి అబద్ధం చెప్పించావు," అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నావు. నేను అతని వెనకే మెట్లమీదికి పరుగెత్తాను.

"బాబూ, నేను చెప్పేస్తాను. ఇప్పుడే చెప్పేస్తాను," అన్నాను.

"వద్దు అత్తయ్యా. ఆమెకి ఇవాళ కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, ఒళ్ళో తల పెట్టుకుని ఏడవడానికి ఒక మనిషి కావాలి. ఆ రెండూ మీరే అయితే ఎక్కడికి పోతుంది? కోపం నా మీద ఉండనివ్వండి. కొన్నాళ్ళే."

కొన్నాళ్ళే అన్న మాట పట్టుకుని నేను లోపలికి వచ్చాను. నువ్వు నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చావు. నేను నీ జుట్టు నిమిరాను. ఆ మర్నాడు ఆ జేబుల గుడ్డకి కుట్లన్నీ విప్పేసి ఇల్లు తుడిచేశాను దానితో. కొన్నాళ్ళు కాస్తా రెండేళ్ళయ్యాయి. నువ్వు అతని పేరు ఎత్తినప్పుడల్లా నేను మాట మార్చాను. అతని మంచితనం వెనక దాక్కున్నాను. నిన్ను కాపాడాలని కాదు. నువ్వు నన్ను వదిలేస్తావని భయం.

నీ ఉత్తరం వచ్చాక మీ కంపెనీని కొనుక్కున్నవాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. నీ చోట కూర్చున్నాయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. అంతా విని, "పెద్దమ్మా, ఆ ఫైలు మూసేశాం. మీరు చెప్పినా ఇప్పుడు మారేదేం లేదు," అని నీళ్ళిచ్చి పంపాడు. కాబట్టి ఆ వైపునుంచి నీకు ఏదో తిరిగొస్తుందని ఆశపడకు. అది నేను తేలేకపోయాను.

అక్కడినుంచి అల్లుడి గదికి వెళ్ళాను. కొట్లలో కార్డులు గీకే మిషన్లు పాడైతే బాగుచేస్తున్నాడు. చిక్కిపోయాడు. ఉన్న ఒక్క కప్పులో నాకు టీ పోసి తను నిలబడ్డాడు. చెప్పేస్తాను బాబూ అన్నాను.

"ఇన్నాళ్ళకి కాస్త కుదుటపడింది అత్తయ్యా. మళ్ళీ ఎందుకు?" అన్నాడు.

"మరి సంతకం ఎందుకు పెట్టావు?"

"ఆమె అడిగింది. ఇన్నేళ్ళలో నన్నడిగింది అదొక్కటే." ఖాళీ కప్పు నా చేతిలోంచి అందుకుని, "బడిలో పిల్లలకి ఏం చెప్తోంది?" అన్నాడు.

"భిన్నాలట."

"భిన్నాలంటే ఆమెకి చిరాకు," అని నవ్వాడు. నవ్వు పూర్తి కాలేదు. మిషన్ విప్పుతున్నట్టు తల వంచుకున్నాడు.

సంతకం పెట్టు అనీ అనను, పెట్టకు అనీ అనను. చెప్పే అర్హత పోగొట్టుకున్నాను. అతనింకా నీకోసం చూస్తున్నాడో, చూసి చూసి అలిసిపోయాడో కూడా నాకు తెలియదు. అడగలేదు. కానీ నువ్వు ఆ కాగితం మీద కలం పెట్టేటప్పుడు నీ ఎదురుగా ఉన్నది అతని తప్పు కాకూడదు. అది నాది. అతను చేసిందల్లా దాన్ని ఎత్తుకుని మోయడమే.

నన్ను క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు. వచ్చే నెలకి డబ్బు పంపకు, నాకు జరుగుతుంది. జవాబు రాయాలని లేకపోతే రాయకు. ఈ ఉత్తరం రిజిస్టరు చేసి పంపుతున్నాను. అందినట్టు నువ్వు సంతకం పెడితే ఆ కార్డు తిరిగి నాకొస్తుందని పోస్టాఫీసులో చెప్పారు. అది వస్తే చాలు. చదివావని తెలుసుకుంటాను.

ఇట్లు,
ఇంకా నువ్వు పిలవగలిగితే,
మీ అమ్మ.