పాలడబ్బా నిండా రాళ్ళు

2022 ఏప్రిల్ 22

తప్పు నాదే. ముందు అది రాసేస్తున్నాను.

బేస్‌బాల్‌లో ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్. స్కోరు సమం. మూడో బేస్ దగ్గర వాళ్ళ మనిషి కాచుకుని ఉన్నాడు. నేను రెండో, మూడో బేస్‌ల మధ్య షార్ట్‌స్టాప్‌లో నా చోట నిలబడి, కిందికి వంగి రాయి కోసం వెతుకుతున్నాను. బ్యాట్ చప్పుడు విని తలెత్తేసరికి బంతి నా పక్కనుంచి దూసుకుపోయింది. నడుం ఎత్తేలోగా వెనక గడ్డిలోకి వెళ్ళిపోయింది. ఓడిపోయాం.

పోనీ రాయి దొరికిందా అంటే అదీ లేదు. ఈ కరోలినాలో మైదానం మట్టి జల్లెడ పట్టిన పిండిలా ఉంటుంది. వచ్చిన దగ్గర్నుంచి చూస్తున్నాను, ఒక్క రాయి లేదు. అయినా ప్రతి బంతికీ ముందు వంగుతూనే ఉన్నాను. ఇన్నాళ్ళూ చెల్లింది. ఈ వారం నుంచి లీగ్‌లో గడియారం పెట్టారు. బేస్ మీద మనిషి ఉంటే పద్దెనిమిది సెకన్లలో పిచర్ బంతి విసిరి తీరాలి. మా ఊరు కీబోర్‌లో పిచర్ టోపీ సర్దుకుని, సిలువ గీసుకుని, మెట్ల మీద కూర్చున్న అమ్మాయి వైపు ఓసారి చూసి, అప్పుడు తీరిగ్గా విసిరేవాడు. ఆ లోపల నేను గుప్పెడు రాళ్ళు ఏరేవాణ్ణి.

అక్కడ మాకు ఆట నేర్పిన తెలెస్ఫోరో మాస్టారి మైదానంలో పాలపొడి డబ్బా నిండా రాళ్ళు ఏరి చూపించందే ఎవరి చేతికీ బ్యాట్ ఇవ్వరు. ఉల్లిపొలాల పక్కన ఎండిపోయిన నేల అది. ఎన్ని ఏరినా మర్నాటికి మళ్ళీ మొలిచినట్టు తేలతాయి. ఏడేళ్ళప్పుడు మొదలుపెట్టాను. పదహారేళ్ళకి కాంట్రాక్టు మీద సంతకం పెట్టి వచ్చేశాను. ఇప్పుడు ఇరవై. నేను మానుకుందామన్నా నా చెయ్యి మానుకోవడం లేదు.

ఈ నోటుబుక్కు కూడా ఆయన చెప్పిందే. బాగా ఆడింది రాసుకోవద్దన్నారు. అది చూసినవాళ్ళు ఎలాగూ చెప్పుకుంటారట. చేసిన తప్పు ఒక్కటే రాసుకోమన్నారు. రాస్తున్నాను మాస్టారూ. పుస్తకం త్వరగానే నిండేలా ఉంది.

2022 ఏప్రిల్ 23

ఇవాళ ఒక్కసారి కూడా వంగలేదు. రెండు ఎర్రర్లు, అంటే పట్టవలసిన బంతులు రెండు వదిలేశాను.

2022 ఏప్రిల్ 25

సోమవారం సెలవు. సెలవు రోజున మేనేజర్ పిలిచాడంటే భోజనానికి కాదని తెలుసు.

డ్వోరాక్ మంచివాడే. ముప్పై ఏళ్ళుగా ఈ ఆటలో ఉన్నాడు. వచ్చిన స్పానిష్ మాత్రం మూడు ముక్కలు, అందులో రెండు బూతులు. అందుకని మా అనెయ్‌రిని దుబాసీగా కూర్చోబెట్టాడు. అనెయ్‌రి పిచర్ విసిరిన బంతి అందుకునే మా క్యాచర్, నా రూమ్మేట్, డొమినికన్ దేశం వాడు. ఏం వెతుకుతావు అక్కడ అని డ్వోరాక్ అడిగాడు. రాళ్ళు అన్నాను. అనెయ్‌రి ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి రెండుసార్లు ఆగాడు, నవ్వు ఆపుకోలేక. డ్వోరాక్ కూడా కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, నా ఎర్రర్ల లెక్క ఉన్న కాగితం ముందుకు తోసి, ఏకబిగిన మూడు నిమిషాలు మాట్లాడాడు. అనెయ్‌రి అంతా విని నాకు ఒక్క ముక్కలో చెప్పాడు.

"జూలైలో కొత్త కుర్రాళ్ళు దిగుతారు. అప్పటికి నువ్వు బాగుపడకపోతే నీ మంచం ఖాళీ చెయ్యాలంటున్నాడురా, యోర్బిస్."

ఇక మైదానంలో వంగితే ఊరుకోననీ అన్నాడట.

నాకు భయం వేసింది. ఇది తప్ప నాకు ఏ పనీ రాదు. అమ్మ కుట్టుమిషను చప్పుడు మధ్య పెరిగినా నాకు గుండీ కుట్టడం కూడా చేతకాదు. గదికొచ్చాక అనెయ్‌రి పచ్చి అరటికాయలు ఉడకేసి, మెత్తగా మెదిపి, నా పళ్ళెంలో కూడా పెట్టాడు. మామూలుగా అయితే ఇది తిండేనా అని నేను వాడినీ, మీ అరెపా రొట్టెలు పిడకల్లా గోడలకి కొట్టుకోడానికి పనికొస్తాయని వాడు నన్నూ ఆడిపోసుకుంటాం. ఇవాళ మాట్లాడకుండా తిన్నాను. వాడికి అదే ఎక్కువ బెంగ పుట్టించింది.

2022 మే 10

పదిహేడు ఎర్రర్లు. లీగ్ మొత్తంలో నాదే మొదటి పేరు. ఏదో ఒకదాంట్లో మొదటి పేరు రావాలని చిన్నప్పుడు మొక్కుకున్నాను. దేంట్లో అన్నది చెప్పుకోవలసింది.

ఎందుకిలా అవుతోందో అర్థం కావడం లేదు. వంగడం మానేశాను కదా, బంతిని కళ్ళార్పకుండా చూస్తున్నాను కదా. అయినా బంతి వచ్చేసరికి కాళ్ళు నేలలో పాతేసినట్టు ఉంటున్నాయి. 

అమ్మ ఫోనులోనే పసిగట్టింది. నీ గొంతు అదోలా ఉంది, మాస్టార్నే అడుగు అంది. నేను సిగ్గుపడ్డాను. ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు నేర్చుకుని, బంతి పట్టడం ఎలాగండీ అని అడగమంటావా అన్నాను. ఆయనకి ఫోన్ లేదు కూడా. అమ్మ నా మాట వినిపించుకోకుండా, శనివారం తన ఫోన్ పట్టుకుని మైదానానికి వెళ్తానంది.

2022 మే 14

వెళ్ళింది. చెప్పిందంటే చేస్తుంది.

మాస్టారు కుశల ప్రశ్నలు అడగలేదు. నీ తప్పులు చదివి వినిపించు అన్నారు. పదిహేడూ చదివాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. వెనక పిల్లల గోల, డబ్బాలో రాళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి. చదవడం అయ్యాక అడిగారు.

"నీ చేత రాళ్ళెందుకు ఏరించాననుకున్నావురా?"

నేల బాగుచెయ్యడానికి కదండీ అన్నాను.

"నేల బాగుచెయ్యడానికైతే నా దగ్గర పలుగూ పారా లేవా? మీ మావయ్య ట్రాక్టరు లేదా? నిన్ను వంచడానికిరా. మోకాలు వంగాలి, వేలు నేలకి తగలాలి, మడమలు లేవాలి. ఆపైన బంతి ఎటొచ్చినా నువ్వు కదులుతావు. రాయి నాకెందుకు?"

తొమ్మిదేళ్ళు. ఆయన ఒక్కసారీ ఈ సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే ఏరకుండా వట్టినే వంగి లేచేవాళ్ళమట. మా సంగతి ఆయనకి బాగా తెలుసు.

వంగితే మేనేజర్ ఊరుకోడన్నాను, గడియారం సంగతి చెప్పాను. బంతి విసిరే ముందు వంగడం ఎవడు నేర్పాడు నీకు, పిచర్ చేతికి బంతి అందగానే వంగు అన్నారు. ఆయన అసలు నేర్పిందే అదట. నేనే బద్ధకించి, పిచర్ సిలువ గీసుకునేదాకా ఆగడం అలవాటు చేసుకున్నాను. ఈ తప్పు పద్దెనిమిదోది. రాసుకో అన్నారు. రాశాను.

2022 మే 17

డ్వోరాక్‌ని బతిమాలాను. మధ్యాహ్నం ఎండలో, ఇంకా ఎవరూ రాకముందు, వంద బంతులు కొట్టమన్నాను. యాభై వంగకుండా, యాభై వంగి. అనెయ్‌రి నిద్ర మానుకుని వచ్చి లెక్కపెట్టాడు.

వంగకుండా తొమ్మిది వదిలేశాను. వంగినప్పుడు రెండు.

డ్వోరాక్ నోట్లో పొద్దుతిరుగుడు గింజలు నములుతూ నావైపు చూశాడు. తర్వాత తొక్కలు ఊసి, వాచీ చూపించి, నాలుగు వేళ్ళు పైకెత్తాడు. నాలుగు సెకన్లు. అయిదో సెకను అయితే బెంచీ మీద కూర్చోబెడతాడట. అనెయ్‌రి ఇంకో మాట కలిపాడు. నేను లేచి నిలబడేదాకా పిచర్‌కి వేళ్ళతో సైగ చెయ్యనన్నాడు. సైగ అందకుండా పిచర్ విసరడు కదా. వాడు ఇదంతా నన్ను తిడుతూనే చెప్పాడు. ఆ తిట్లకి నాకు ఏడుపొచ్చింది.

2022 జూన్ 30

నెలన్నరలో మూడు ఎర్రర్లు. మూడూ రాశాను. అందులో ఒకటి చూసి ఏడవాలో నవ్వాలో తెలియదు. రాయి ఉందేమోనని నిజంగానే చూస్తుంటే బంతి దాటిపోయింది.

2022 జూలై 22

కొత్త కుర్రాళ్ళు దిగారు. పొద్దున నలుగుర్ని లోపలికి పిలిచారు. నా పక్క అల్మారా ఖాళీ అయింది. ఆ అల్మారా కుర్రాడు చెప్పులు మర్చిపోయాడు. పరిగెత్తుకెళ్ళి బస్టాండులో ఇచ్చి వచ్చాను. కౌగిలించుకున్నాను. అతనూ బాగానే ఆడాడు.

నా పేరు పిలవలేదు.

2023 ఏప్రిల్ 11

ఒక మెట్టు పై జట్టుకి మార్చారు. ఈ ఊళ్ళో ఏప్రిల్‌లో కూడా మంచు పడుతుందట. నేల ఇనుములా ఉంది. వంగి ముట్టుకుంటే వేలు జివ్వుమంది. రాయి లేదు.

2023 ఆగస్టు 2

అనెయ్‌రి మోకాలికి ఆపరేషన్ అయింది. ఇక ఆడడు. కోచింగ్ వైపు వెళ్తానంటున్నాడు. నేను ఫోన్ చేసి బాధపడితే, నన్ను ఓదార్చడం మానేసి నీ కాళ్ళు చూసుకో అని తిట్టాడు. వాడు లేకుండా ఎవరు నా కోసం సైగ ఆపుతారు? ఈ జట్టు క్యాచర్‌తో నాకింకా అంత స్నేహం లేదు. మూడు సెకన్లలో లేవడం నేర్చుకోవాలి.

2024 డిసెంబర్ 14, కీబోర్

ఇంటికొచ్చి వారం. ఈ ఏడాది ఇంకో మెట్టు ఎక్కాను, పైన ఇంకొక్కటే ఉంది, ఆపైన అసలుది, పెద్ద లీగ్. వీధిలో అందరూ ఆ అసలుది గురించే అడుగుతున్నారు. అమ్మ మాత్రం ఎందుకిలా చిక్కిపోయావని అడుగుతోంది. నిజానికి ఏడు కిలోలు పెరిగాను.

మాస్టారికి చూపు బాగా తగ్గింది. కుర్చీలో కూర్చుని, పిల్లలు తెచ్చిన డబ్బా చేత్తో ఎత్తి చూసి, బరువు చాలకపోతే వెనక్కి పంపుతున్నారు. ఒకడు అడుగున మట్టి పోసి తెచ్చాడు. ఆయన డబ్బా ఓసారి ఊపి, వాడి చెవి పట్టుకున్నారు. నేనూ ఆ పనే చేసేవాణ్ణి, చెవి ఇంకా గుర్తుంచుకుంది.

నేనూ ఒక డబ్బా ఏరాను. పిల్లలు ఎగతాళి చేశారు. పెద్ద స్టేడియాల్లో ఆడేవాడికి ఈ ఖర్మేమిటి, అక్కడ రాళ్ళే ఉండవు కదా అన్నారు. నిజమే, వెళ్ళిన దగ్గర్నుంచి చూస్తున్నాను, ఒక్కటి లేదు అన్నాను. మాస్టారికి కోపం వచ్చింది.

"లేకపోవడమేమిటి? అదీ నేలే కదా. నువ్వు సరిగ్గా వెతకలేదు. దొరికిన రోజు తెచ్చి ఈ డబ్బాలో వెయ్యి."

2025 ఆగస్టు 28

భోజనం చేస్తుంటే మేనేజర్ వచ్చి, నీ బూట్లు సర్దుకో, రేపు నువ్విక్కడ ఆడటం లేదన్నాడు. తీసేశారనుకుని చెంచా కింద పెట్టేశాను. బల్ల చుట్టూ అందరూ నవ్వుతున్నారు. పై జట్టు షార్ట్‌స్టాప్‌కి చెయ్యి విరిగిందట. శనివారం మధ్యాహ్నం ఆట. అసలుది.

ముందు అమ్మకి చేశాను. మిషను ఆగిపోయిన చప్పుడు వినిపించింది. ఆగిన మిషను నేను ఎన్నడూ వినలేదు. తర్వాత చెప్పులేసుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళిందట. ఆయన సంతోషించారా అని అడిగాను. ఏమన్నారో మాత్రం చెప్పింది. అక్కడ జాగ్రత్తగా వెతకమన్నారు.

అనెయ్‌రి ఫోనులో అయిదు నిమిషాలు తిట్టాడు. మధ్యలో ముక్కు చీదాడు.

2025 ఆగస్టు 30, సాయంత్రం

ఏడో ఇన్నింగ్స్‌లో, రెండో బేస్ వైపు రెండడుగుల దూరంలో. కందిగింజంత. జేబులో వేసుకుని, మూడు సెకన్లలో లేచాను. తర్వాతి బంతి నా దగ్గరికే వచ్చింది.

ఇవాళ రాయడానికి తప్పేమీ లేదు. రాయి గ్లాసులో వేసి ఊపి చూశాను. అదే చప్పుడు.