పెట్రోలులో కల్తీ లేదు

కబాలే,
సోమవారం.

తుముహైర్వే బావగారికి,

నెల కిందట అక్కకు నొప్పులొచ్చిన రోజు మీ పాత కారు ఆసుపత్రికి ఎక్కే ఎత్తులో ఆగిపోయి, పాప రోడ్డు పక్కనే పుట్టింది. "చవగ్గా వస్తుందని కల్తీ పెట్రోలు పోయించాడు!" అని నేను అందరి ముందూ అరిచాను. మీరు అటునుంచి అటే మ్బరారా ఊరు వెళ్లిపోయారు.

శనివారం కారుకు పెట్రోలు ఒత్తిడి చూపే ప్రెషర్ మీటరు తగిలించి, కనపడేలా ముందు అద్దానికి కట్టి, ఆ ఎత్తే ఎక్కించాను. కిందున్నంతసేపూ సరిగ్గా నిలిచిన ముల్లు సగం దారిలో పడిపోయింది. ఫిల్టరు మార్చినా అంతే. చివరికి ట్యాంకు విప్పాను. మీరు పోయించిన పెట్రోలు శుభ్రంగా ఉంది. లోపల పంపుకు అంతకుముందు రిపేరులో నేను బిగించిన గొట్టమే చీలిపోయింది. పెట్రోలులో మునిగి ఉండాల్సిన చోట, నా మెకానిక్ షాపులో చేతికందిన, పెట్రోలులో నానితే చీలిపోయే మామూలు గొట్టం వేశాను బావగారూ. తప్పు నాది.

నిన్న చర్చి బయట అందరికీ ఈ మాట చెప్పాను. "వీళ్లకెందుకురా చెప్తావ్? మాట పడ్డది ఆయన. ఆయనకి రాయి," అంది అక్క.

సరైన గొట్టం వేశాక కారు ఇప్పుడు ఎత్తు ఎక్కుతోంది. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. వచ్చి నాలుగు తిట్టండి. అక్కా పాపా కులాసా. పాపకు మాత్రం ఇంకా పేరు లేదు. "వాళ్ల నాన్న వచ్చి పెడతాడు," అంటోంది అక్క.

మీ బావమరిది