చేతికి తెలియని మార్పు

అమీర్‌పేట

రాజమణి వదినకు,

శనివారం వచ్చి మీ తమ్ముణ్ని ఊరికి తీసుకుపోతానన్నారు. ఆయన పక్కనే ఉండటంతో ఫోన్‌లో ఏమీ చెప్పలేకపోయాను.

మూడు వారాలు రేడియేషన్ ఇచ్చినా మెడ పక్కన గడ్డ చేతికి అంతే తగులుతోంది. నీళ్లు మింగినా మంటే. మొన్న పంజాగుట్ట ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయి, "ఇగ నేను రాను. నేనే కాలుతున్న, గడ్డ కాలుతలేదు" అన్నారు.

డాక్టర్ సుమశ్రీ గారు బతిమాలి స్కాన్ తీయించారు. నిన్న పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి చూపించారు.

"సైజు తగ్గలేదండీ. కానీ జబ్బు బతికున్న చోటే ఇలా వెలుగుతుంది. అప్పుడు గడ్డంతా వెలిగింది, ఇప్పుడు అంచు మాత్రమే. ఇక్కడ ఆపితే మళ్లీ పెరుగుతుంది."

ఆయన తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "గా జరంత సుత పోతదా మేడం?"

"మాట ఇవ్వలేను. వైద్యం పనిచేస్తోందని మాత్రం చెప్పగలను."

ఇవాళ నేను లేపకముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. దారంతా నా చెయ్యి వదల్లేదు.

వదినా, మీరు తప్పకుండా రండి. ఆసుపత్రికి ఆయన వెంట నడవండి. ఆయన ఏడ్చినా, మీకు ఏడుపొచ్చినా, "ఇంటికి పోదాం పా" అని మాత్రం అనకండి. మీరంటే వచ్చేస్తారు.

మీ మరదలు