నిప్పులు కక్కే పురుగు

శనివారం, రాత్రి

నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పెడుతున్నాయి. స్కూల్లో వింత జంతువుల మీద మాట్లాడే పోటీలో మా అమ్మాయి చిన్నికి రెండో బహుమతి వచ్చింది. మొదటిది జలకన్య తన్నుకుపోయింది.

చిన్నిది డ్రాగన్. వారమంతా సాయంత్రాలే ప్రాక్టీసు. మొదటి రోజే, డ్రాగన్ని దేనితో పోల్చిందో విని అత్తయ్య అడ్డుపడ్డారు. "దీపాలెట్టేక పుట్టలో ఉండేదాని పేరెత్తకే గుంటా. పిలిసినట్టు వచ్చేస్తాది. పురుగను." ఆ మాటే దాని నోటికి అలవాటైపోయింది.

ఈరోజు నాలుగింటికి, ఇంకా ఎండ ఉండగానే, మైకులో "చైనాలో రెక్కలున్న పెద్ద పురుగుంది, నిప్పులు కక్కుతాది" అనేసింది. పక్కూరు బుచ్చయ్యపేట నుంచి వచ్చిన తల్లిదండ్రులతో సహా హాలంతా ఒకటే నవ్వు. ఏడ్చేస్తుందేమోనని నేను కుర్చీలోంచి సగం లేచాను. అదేమో నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అసలు పేరెత్తితే వచ్చేస్తాదని మా నాన్నమ్మ సెప్పింది. పిలవమంటారా?" అంది. చప్పట్లు ఆగితే ఒట్టు!

ఇంటికొచ్చాక సంగతి విని అత్తయ్య, "ఎండుండగా పేరెత్తితే ఏటవుతాదే, పిచ్చి గుంటా?" అన్నారు.

"చైనాలో అప్పటికే దీపాలెట్టేసుంటారు, నాన్నమ్మా!"

ఈ భయం దానికీ అంటించేశామేమోనని ఒక పక్క గుబులుగానే ఉంది. పేరెత్తినంత మాత్రాన ఏదీ రాదని దాన్ని కూర్చోబెట్టి చెప్పాలి. రేపు, తెల్లారాక. ఇప్పుడు పేజీ మొదటి నుంచి చదువుకుంటే, నేనూ ఆ పేరు ఎక్కడా రాయలేదు.