పసుపు చేపల గైర్హాజరు

గౌరవనీయులైన మామగారికి,

అల్లుడు నమస్కరించి రాసేది. మీ మోకాలు కుదుటపడుతోందని, మా ఆవిడ దగ్గరుండి మిమ్మల్ని నడిపిస్తోందని తెలిసి సంతోషించాను. ఇక్కడ అందరం క్షేమం, చేపలు తప్ప.

ఆపరేషన్‌కి వెళ్తూ ఉప్పునీళ్ల తొట్టి నాకప్పగించారు. తిరిగొచ్చేసరికి చేపలు క్షేమంగా ఉంటే, కళ్లజోళ్ల షాపు పెట్టుకోవడానికి వీధిగది ఇస్తానన్నారు. ఆ మాట పట్టుకునే బతుకుతున్నాను. ఇప్పుడు పనిచేస్తున్న షాపు యజమాని ఆదివారం కూడా వదలడు. తెల్లారకముందే వెళ్లి, షాపు మూసి వచ్చి, చెప్పులైనా విప్పకుండా టార్చిలైటుతో తొట్టి చూస్తున్నాను. నారింజ చారలవి ఉన్నాయి. పసుపు చేపలు మూడూ లేవు. అత్తగారిని అడుగుదామంటే, నేనొచ్చేసరికి అన్నం మూతపెట్టి నిద్రపోతున్నారు.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. నీళ్లు ఉప్పగానే ఉన్నాయి. రుచి చూశాను.

*

చిరంజీవి అల్లుడుగారికి దీవెనలు.

ముప్పై ఏళ్లు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసినవాణ్ణి. నా కన్నుగప్పి ఎవడూ దిగలేదు. పక్కింటి పిల్లి మీద కన్నేసి ఉంచండి. తొట్టి మీద వల బిగించండి. బయటికి దూకాయేమో, సోఫా కింద చూడండి. రాళ్ల సందున ఏ పీతైనా నక్కి ఉందేమో వెతకండి. ఆ మూడూ నాకు ప్రాణమండీ. అవి లేని ఇంటికి రావాలంటే కాలు సాగదు.

మీ మామ

తా.క. మీకు చేపల వేపుడంటే మహా ఇష్టమని మా అమ్మాయి అంది. ఊరికే గుర్తొచ్చి రాశాను.

*

మామగారికి భయభక్తులతో,

వల బిగించాను. రాళ్లన్నీ తీసి పెట్టాను, పీత లేదు. పిల్లి నిర్దోషి. సోఫా కింద మీ పాత పళ్లసెట్టు దొరికింది.

శుభవార్త ఏమిటంటే పసుపు చేపలు మూడూ కనబడ్డాయి. నిశ్చింతగా నడక నేర్చుకోండి.

మీ అల్లుడు

తా.క. చేపలు కాస్త చిక్కినట్టున్నాయి. మీ మీద బెంగేమో.

*

బంగారంలాంటి అల్లుడికి,

మీ అత్తగారి ఉత్తరం మా అమ్మాయి చదివి వినిపించగానే కర్ర లేకుండా నాలుగడుగులు వేశాను. చిక్కడమేమిటండీ, అవి పిల్లలు! ఆవిడ రోజూ మధ్యాహ్నం తొట్టి ముందే కూర్చుంటోందట. పెద్దవి మూడు, బుల్లివి ఆరు, అన్నీ హాయిగా తిరుగుతున్నాయట. ఉప్పునీళ్ల చేపలు ఇంట్లో పిల్లల్ని పెట్టడం మాటలా! అంతా మీ హస్తవాసి. వీధిగది మీదే.

మీ మామ

తా.క. వేపుడు సంగతి మనసులో పెట్టుకోకండి.

*

మామగారికి తలవంచుకుని,

దొరికాయని రాసింది అబద్ధం. ఆ మూడూ నేను కొట్లో కొని వేసినవి. అక్కడ చిన్నవే ఉన్నాయి. మర్నాటికి అవీ మాయం. మళ్లీ మూడు తెచ్చాను. అవీ పోయాయి. నిన్న రాత్రి కూడా టార్చి పట్టుకుని చూస్తే ఒక్క పసుపు తోక కనబడలేదు. పాపం, నన్ను గట్టెక్కించడానికే అత్తగారు తొమ్మిది ఉన్నాయని రాస్తున్నారు. కన్నతల్లి కూడా ఇంత చేయదు. చదివి ఏడ్చాను. ఆవిడ చేత అబద్ధాలాడించి షాపు పెట్టలేను. వీధిగది వద్దు.

మీ అల్లుడు

తా.క. వేపుడు మాత్రం చేసుకోలేదు. మీ అమ్మాయి మీద ఒట్టు.

*

అల్లుడుగారికి,

మీ ఉత్తరం విన్నాక ఆగలేక మొదటి బస్సుకే వచ్చేశాం. మీరు షాపులో ఉంటారని కవరు అంటించి మా అమ్మాయి చేత ఇది పంపుతున్నాను.

ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. నా ఎదురుగా తొమ్మిది పసుపు చేపలు ఈదుతున్నాయి. తొట్టి దీపం ఆరగానే ఆ జాతి ఇసుకలో దూరి పడుకుంటుందండీ, మళ్లీ దీపం వెలిగేదాకా లేవదు. మీరు చూసింది పడుకున్న ఇంటిని. మీ మొదటి ఉత్తరంలో టార్చిలైటు ముక్క అప్పుడు నా దాకా రాలేదు. మీ ఆవిడ అది చదివేటప్పుడు ఆ ముక్క దాటేసి, నా మోకాలు దగ్గరే రెండుసార్లు చదివింది.

చేపలు బతికున్నందుకు సంతోషం. గది పోతుందని తెలిసీ మీరు నిజం రాసినందుకు అంతకన్నా సంతోషం. రాత్రికి తాళంచెవి మీ కంచం పక్కన ఉంటుంది.

మీ మామ

తా.క. పిల్లలు పుట్టాయని ఆస్పత్రంతా చాటాను. డాక్టరుగారికి ఒక జత ఇస్తానని మాట కూడా ఇచ్చాను. ఈ తొమ్మిదింట్లో ఒక్కటీ వదులుకోవడానికి మనసొప్పడం లేదు. ఇంట్లో ఆడవాళ్లకి తెలియకుండా ఆ కొట్టెక్కడో చెప్పండి. మనిద్దరం వెళ్లి ఇంకో రెండు కందాం.