చాచా ఫొటో బల్లార్షాలో కనిపించాలి

ఆగస్టు 16, 2004, సోమవారం. పొద్దున 5.10

ఈ రోజు నుంచే మొదలు! ఇంకా పదిహేను రోజులున్నాయి. కావలసినంత టైము!

సంగతేమిటంటే, 31న మా బొగ్గు గనిలో కార్మికుల మీద మేస్త్రీలాంటి సర్దారు అస్గర్ చాచా రిటైరవుతున్నాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. ఆఖరి రోజు గని దగ్గర దండలేసి, బ్యాండు మేళంతో ఇంటిదాకా ఊరేగిస్తారు. గోదావరిఖనిలో పెళ్లి ఎగ్గొట్టినవాడు కూడా దీనికి వస్తాడు. కానీ చాచాకు గుమ్మంలో ఎదురొచ్చే మనిషే లేదు. బల్లార్షాలో కూతురు సుమైరాకు కాన్పయింది. డాక్టరమ్మ ప్రయాణం వద్దంది. నుస్రత్ చాచీ అక్కడే ఉంది. నిన్న ఫోన్లో ఒకటే ఏడుపు. నేను ఆగలేక అనేశాను.

"ఏడ్వకు చాచీ! ఊరేగింపు ఫొటోలన్ని గా రోజే ఇంటర్నెట్ల పెడ్త. బిలాల్ షాపుల కూసొని చూడుండ్రి."

బిలాల్ వాళ్ల అల్లుడు. ఇంటి ముందరే జిరాక్స్ షాపు, అందులో నెట్ ఉంది.

నియమాలు:
1. రోజూ ఐదు నుంచి ఆరు దాకా కంప్యూటర్.
2. ఎవరినీ అడగను. ముఖ్యంగా హైదరాబాద్‌లో కోర్సు చేస్తున్న బామ్మర్ది రుత్విక్‌ని. నా కంప్యూటర్ని చూసి "బావా, దీన్ని మ్యూజియంల పెట్టు" అన్నవాడు వాడు.
3. క్యారమ్స్ బంద్.

మా ఆవిడ రాజకుమారి చాయ్ ఇస్తూ, "రిటైరయినంక చాచా రైలెక్కితె రెండున్నర గంటలు. మనిషినే చూస్తరు గద, ఫొటో ఎందుకు?" అంది. పాపం, టెక్నాలజీ తెలీదు.

ఆగస్టు 19. 5.55

గెలిచాను! ఊరికే ఇచ్చే సైటొకటి తీసుకున్నాను. సెకండ్‌హ్యాండ్ పుస్తకం చూసి (612 పేజీలు, మొదటి 40 లేవు) ఏఎస్‌పీ అనే కంప్యూటర్ భాషలో కోడ్ రాశాను. ఫోల్డర్లో ఎన్ని ఫొటోలుంటే అన్నీ అదే వెతికి పేజీలో చూపిస్తుంది. మొదటి ఫొటో చాచాది, పేరు 417. అది ఆయన ల్యాంపు నంబరు. ల్యాంప్ రూంలో టోపీ దీపాలిచ్చే క్లర్కుని, నాకు మనుషులు నంబర్లతోనే గుర్తు. తెర మీద చాచా నవ్వాడు. నేను అరిచిన అరుపుకు పక్క క్వార్టర్ లింగవ్వ కర్ర పట్టుకుని వచ్చింది.

సాయంత్రం క్యారమ్స్, ఒక్క ఆట. సంబరానికి నియమం వర్తించదు.

ఆగస్టు 22, ఆదివారం. 11.30

లింగమూర్తి నెట్ సెంటర్లో సైటు తెరిచాను. చాచా లేడు! చిన్న డబ్బా, అందులో ఎర్ర ఇంటూ గుర్తు.

ఇంటికి ఉరికాను. ఉన్నాడు, నవ్వుతున్నాడు. నెట్ సెంటరుకు ఉరికాను. ఇంటూ. స్కూటర్ మీద నాలుగు ట్రిప్పులు. నాలుగోసారి లింగమూర్తి అడిగాడు, "అన్నా, ఇంట్ల ఎవలకన్న బాగ లేదా?"

ఆగస్టు 24. 5.40

దొరికింది! 388వ పేజీ. ఫొటో నా డిస్కులో ఎక్కడుందో ఆ దారినే నా కోడ్ పేజీలో రాస్తోంది: సీ డ్రైవు, సైటు ఫోల్డరు, ఫొటోలు, 417. నెట్ సెంటర్ కంప్యూటర్ పాపం తన సీ డ్రైవులోనే వెతుక్కుంటోంది. దానికి కావలసింది వెబ్ అడ్రసు.

చాయ్ తాగడానికొచ్చిన చాచాకు చెప్పాను. ఆయన నవ్వాడు. "నాలుగో డిప్పు, ఇరవై రెండో లెవల్ అంటె బొగ్గుబాయిల ఎవడన్న వస్తడు. గదే మాట బల్లార్షా స్టేషన్ల రిక్షావాలాకు చెప్పు, ఏమంటడు? లోపటి దారి లోపటోనికే భాయ్."

612 పేజీల పుస్తకం, ఒక్క నిమిషంలో! నేను అడగలేదు, ఆయనే చెప్పాడు. రెండో నియమం భద్రం.

దారి మొదట్లోంచి సీ డ్రైవునీ సైటు ఫోల్డర్నీ కత్తిరించి, ఆ చోట సైటు అడ్రసు అతికించి, అటు వాలిన గీతల్ని ఇటు వాల్చాను. ఇంట్లో బ్రహ్మాండం!

ఆగస్టు 27. 7.15

నెట్ సెంటర్లో మళ్లీ ఇంటూ. సైటువాళ్ల పెద్ద మిషన్లో సీ డ్రైవు కాదట, ఇంకేదో 'E' డ్రైవట. నా కత్తెర నా ఇంటి దారినే వెతుకుతోంది, అక్కడ అది లేదు, కాబట్టి ఏదీ కత్తిరించడం లేదు. అడ్రసు చెబితే డిస్కులో దారి చూపే కమాండుంది. దారి చెబితే అడ్రసిచ్చే కమాండు మాత్రం లేదు, మనమే రాసుకోవాలి! గనిలోకి దిగడానికి మనుషుల్ని మోసే మాన్‌రైడింగ్ బండి పెట్టి, పైకి మీరే నడిచి రండి అన్నట్టుంది.

ఆగస్టు 28. కరెంటు లేదు. ఐదింటికి లేవలేదు కాబట్టి కరెంటు లేనట్టు ఆరున్నరకు తెలిసింది.

ఆగస్టు 29. క్యారమ్స్ టోర్నమెంటు. మూడో నియమం రాసిన రోజున టోర్నమెంటు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆగస్టు 30. 6.40

రుత్విక్‌కి ఫోన్ చేశాను. అడగడానికి కాదు, యోగక్షేమాలకు. మాటల్లో అదే వచ్చింది.

"బావా, గా కంప్యూటర్ డబ్బాల మంచిగ కనవడ్తున్నది గద? డబ్బానే తీస్కపోయి చూపెట్టుండ్రి!" అని పడీపడీ నవ్వాడు. ఫోన్ పెట్టేశాను.

ఆగస్టు 31, మంగళవారం. సాయంత్రం 6.20

ఊరేగింపు అదిరింది. దండల్లో చాచా ముఖమే కనపడలేదు. అద్దె డిజిటల్ కెమెరాతో ముప్పై ఆరు ఫొటోలు తీశాను.

ఇంటి దగ్గర బ్యాండు ఆగింది. తలుపుకు తాళం. మెడ నిండా దండలతో చాచా జేబులు వెతుక్కుని, తాళం తనే తీసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

సైటులో ముప్పై ఆరు ఇంటూలు. చాచీ ఫోన్ చేసింది.

"బేటా, అన్ని ఎర్రగనే ఉన్నయి. గిండ్ల మీ చాచా ఏడి?"

సెప్టెంబర్ 1. 4.35

తలుపు చప్పుడు. చాచా! బూట్లతో, ఫస్టు షిఫ్టుకు తయారై. "కాళ్లు అవే లేశినయి," అని మెట్ల మీద కూలబడ్డాడు.

అప్పుడే నిర్ణయించాను. రుత్విక్ ఐడియా గొప్పది. డబ్బా నేను మోస్తాను, మానిటర్ చాచా మోస్తాడు. లీవు పెట్టాను. రాజకుమారి తల పట్టుకుని నవ్వి, టిఫిన్ కట్టి ఇచ్చింది.

రైల్లో టీసీ కంప్యూటర్ మీద కప్పిన దుప్పటి ఎత్తి చూశాడు.

"ఏందిది?"

"మా చాచా ఫొటోలు సార్. కూతురుకు చూపెట్టాలె."

"చాచా ఏడున్నడు?"

"గీ పక్కనే."

టీసీ మా ఇద్దర్నీ చాలాసేపు చూశాడు. టికెట్టు అడగకుండానే పోయాడు.

మధ్యాహ్నం 2.00, బల్లార్షా. సుమైరా తలుపు తీసింది. ఎదురుగా మానిటర్, దాని పైన చాచా తల. "అబ్బాజాన్!" అని ఒక్కటే అరుపు. చాచా మానిటర్ని నా చేతిలో పడేశాడు. పసిబిడ్డ ఆయన చేతుల్లోకి వచ్చింది. జేబులోంచి నిన్నటి దండ ఒకటి, నలిగింది, తీసి చాచీకిచ్చాడు. చాచీ దాన్ని మళ్లీ ఆయన మెడలో వేసి, ఏడుస్తూ నవ్వింది. డబ్బా కాళ్ల దగ్గర, మానిటర్ చేతుల్లో, నేను గుమ్మంలో పావుగంట నిలబడ్డాను.

ఫొటోలేవని ఎవరూ అడగలేదు. పవర్ వైరు ఇంట్లోనే మరిచానని నేనూ చెప్పలేదు. బిలాల్ మాత్రం మెల్లగా అన్నాడు, "అన్నా, మెయిల్ చేసినా అయిపోతుండె."

సెప్టెంబర్ 3

నిన్న ఒక్కణ్నే తిరిగొచ్చాను. చాచా అక్కడే ఉంటానన్నాడు. రెండూ మోయలేక కంప్యూటర్ కూడా అక్కడే. చాచీ దాని మీద పూల గుడ్డ కప్పింది.

417 ల్యాంపు ఈ రోజు కొత్తగా వచ్చిన సదయ్యకిచ్చాను. మంచివాడే. ఇవ్వబుద్ధి కాలేదు.

సెప్టెంబర్ 4, శనివారం. 5.10

నాలుగున్నరకే మెలకువ వచ్చింది. మెట్ల మీద ఎవరూ లేరు.

ఈ రోజు నుంచే మొదలు! బిలాల్‌కి ఫోన్ చేశాను: చాచా బిడ్డనెత్తుకున్న ఫొటో తీసి నా సైటులో పెట్టాలి. లింగమూర్తి నెట్ సెంటర్లో నేను చూడాలి. "మెయిల్ చెయ్యనా అన్నా?" అన్నాడు. "వద్దు!" అన్నాను. ఈసారి కోడ్ ముందు కాగితం మీద రాస్తాను, దారి ఎవరి మిషన్లో ఉంటే ఆ మిషన్నే అడిగి కత్తిరించేలా. ఎవరినీ అడగను. క్యారమ్స్ బంద్.

రాజకుమారి గుమ్మంలో నిలబడి, బల్లార్షా రైలు టైము చెప్పి లోపలికెళ్లింది. నేను రాసుకోలేదు.

పదకొండు ఇరవై.